హులిగమ్మ ఇప్పుడు కులాసా

ఎమ్మిగనూరు,
8-7-1979

నా కడుపు చల్లగా చేసిన కొడుకు మున్వర్‌కు మీ నాయన గఫూర్ సాబ్ వేయి దువాలతో రాసేది ఏమంటే,

మేమిద్దరం బాగున్నాం. మామూలు బాగు కాదు. నిన్న ఆదోని బస్సు పైనుంచి నీ పుస్తకాల కట్ట దించినప్పటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. కట్ట విప్పడానికి కత్తెర తెస్తానని మీ అమ్మ లోపలికి పోయి వచ్చేలోగా పురికొస పండ్లతో తెంపేశాను. పై పుస్తకం తీసి చూస్తే ‘తుక్కు పత్తి, నవల, రచన: దూదేకుల మున్వర్’ అని ఎర్రటి అక్షరాలు! మన వంశంలో ఇంతవరకు పేరు అచ్చయింది ఓటర్ల లిస్టులో ఒక్కచోటే. అక్కడ కూడా నన్ను గఫూర్ బీ అని రాసి ఆడమనిషిని చేశారు. ఇప్పుడు ఆ అవమానం తీరిపోయింది.

మీ అమ్మ పుస్తకాన్ని కళ్లకు అద్దుకుని, “దీంట్లో నేనుండానా?” అని అడిగింది. “నువ్వు లేకుండా ఎట్ల రాస్తాడే?” అన్నాను. ఉందో లేదో నువ్వే చెప్పాలి.

పుస్తకాలన్నీ దుకాణం ముందర, కొత్త పరుపుల మీద పేర్చాను. ఎదురుగా టీ అంగడి యూసుఫ్ సాబ్ గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే వచ్చేశాడు.

“ఏమి గఫూరన్నా, పరుపులు మాని పుస్తకాలు పెట్టినావు?”

“నా కొడుకు రాసినాడప్పా. వాడే అచ్చేపిచ్చినాడు. మధ్యలో ఇంకొకరి సెయ్యి లేదు.”

“బాగుంటాదా?”

“బాగుండక?”

“బాగలేకుంటే?”

ఆ మాటకు నాకు రోషం వచ్చింది. “మన దుకాణం మాటే దీనికీ! ఏడాదిలోపల యాడన్నా గడ్డకట్టినట్ల ఉంటే పట్టుకోని రా. ఇప్పి, సరిసేసి ఇస్తాం” అన్నాను. వెంటనే ఒకటి చంకన పెట్టుకుని పోయాడు. నలభై ఏళ్లుగా మన పరుపు కొన్నవాడికి ఉన్న ధైర్యం అదే కదా. దూది గడ్డకడితే విప్పుతాం, మళ్లీ ఏకుతాం, మళ్లీ కుట్టి ఇస్తాం. ఆ మాట విన్నాక సాయంత్రానికి కట్టలో సగం పోయింది.

నువ్వు వేళకు తిను.

నీ పుస్తకానికి ఎమ్మిగనూరు ఏజెంటు,
గఫూర్ సాబ్

తా.క. అట్ట మీద మన దుకాణం అడ్రసు వేయడం మరిచిపోయావు. ఏం పరవాలేదు. ప్రతిదాని మీదా నేను రబ్బరు ముద్ర గుద్దుతున్నాను. ‘పాత పరుపులు తిరిగి ఏకబడును’ అనేది నీ పేరు కిందనే చక్కగా పడుతోంది.

*

ఆదోని,
12-7-1979

నాయనకు, అమ్మకు మున్వర్ సలాములు.

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత భయపడ్డాను. నాయనా, నవలకు గ్యారంటీ ఉండదు. చదివినవాళ్లకు నచ్చకపోతే తిట్టుకుంటారు, అంతే. తిరిగి తెచ్చి సరిచేయించుకునే వస్తువు కాదు. ఎవరికీ అట్లా మాట ఇవ్వొద్దు. ఆ రబ్బరు ముద్ర కూడా దయచేసి ఆపు.

దీని వెనకాల ఎంత ఉందో నీకు తెలియదు. బెజవాడ ప్రచురణ సంస్థలు రెండు దీన్ని తిప్పి పంపాయి. ఒకరైతే కట్ట కూడా విప్పలేదు. అందుకే పగలు మార్కెట్ యార్డులో గుమాస్తా పని చేసుకుంటూ, సాయంత్రాలు వెంకోబారావు గారి ప్రెస్సులో కూర్చుని నేనే ప్రూఫులు దిద్దుకుని వేయించాను. అచ్చయినవాటిలో చాలావరకు నా గదిలో మంచం కింద ఉన్నాయి. మంచం కింద చోటు చాలక మంచమే పుస్తకాల మీద ఉంది.

ఒక్క ఆశ ఉంది. కర్నూలులో పఠన మందిరాల సంఘం అని ఒకటి ఉంది. ఏడాదికి ఒక కొత్త నవలను ఎంచి, జిల్లాలోని తమ పల్లె పఠన మందిరాలన్నిటికీ పంపుతారు. ఎంచేది విఠల్‌రావు గారనే రిటైరైన లెక్చరరు. ఆయన ఒప్పుకుంటే నా పుస్తకం నేను చూడని పల్లెల్లో కూడా చదువుతారు. ఒప్పుకోకపోతే మంచం కిందే. ఆయనకు గట్టి బైండు వేయించి ఒక ప్రతి పంపాలని చూస్తున్నాను.

కాబట్టి నాయనా, పుస్తకం ఎట్లా ఉందో అట్లాగే ఉండనీ.

నీ కొడుకు,
మున్వర్

తా.క. అందులో అమ్మ లేదు. అమ్మతో ఇప్పుడే చెప్పొద్దు.

*

ఎమ్మిగనూరు,
20-7-1979

జిల్లా అంతా చదవబోయే రచయిత, మా ఇంటి వెలుగు మున్వర్‌కు,

నీ ఉత్తరం నిన్న అందింది. కానీ మాట ఇవ్వడం మొన్ననే అయిపోయింది. ఏం చేసేది?

మొన్న పొద్దున విల్లు పట్టుకుని దూది ఏకుతున్నాను. అక్బర్‌బీ, సరస్వతీబాయి టీచరమ్మ, ఇంకా నలుగురు ఆడవాళ్లు దుకాణం మెట్లెక్కారు. టీచరమ్మ వాళ్ల వరండాలో నీ పుస్తకాన్ని సగం దాకా పెద్దగా చదివిందట, వీధిలో ఆడవాళ్లంతా విన్నారట, తర్వాత ఏమవుతుందోనని ఆమె పేజీలు తిప్పి ముందే చూసి అందరికీ చెప్పేసిందట. నేను పొగడ్త కోసం ఎదురుచూస్తున్నాను. అక్బర్‌బీ కొంగుతో ముక్కు తుడుచుకుని మీద పడింది.

“ఏం గఫూర్ సాబూ, నీ కొడుక్కు కనికరం లేదా? బంగారట్లాంటి పిల్ల హులిగమ్మ! జిన్నింగు మిల్లులో ఒళ్లు హూనం సేసుకోని పని సేస్తాంటే, దాన్ని నిలువునా సంపేసినాడు!”

విల్లు కింద పెట్టేశాను. “సచ్చిపోయిందా?” అన్నాను.

“నీకు తెలీదా? నువ్వు సదవలేదా?”

“సదవకుండా ఉంటానా? మరిసిపోయినా” అన్నాను.

టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. “గడ్డకట్టినట్ల ఉంటే సరిసేసి ఇస్తానని మాట ఇచ్చినారంట. ఇదో, మాకు ఈడ గడ్డకట్టింది” అని గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. “మాట మాటేనా, కాదా?”

నలభై ఏళ్లలో గఫూర్ సాబ్ మాట తప్పాడని ఎవరూ అనలేదు. నా కొడుకు పుస్తకం దగ్గర తప్పుతానా? “రెండు దినాలు టైమియ్యండి” అన్నాను. ఇచ్చారు. పని అయిపోయింది, అందరూ సంతోషంగా పోయారు. ఎట్లా అయిందో నువ్వు అడగొద్దు. నీకెందుకు ఆ శ్రమ? నువ్వు రెండో నవల మొదలుపెట్టు.

నీ మేలు కోరే,
నాయన

తా.క. హులిగమ్మ ఇప్పుడు కులాసా.

*

ఆదోని,
24-7-1979

నాయనకు సలాములు.

హులిగమ్మ కులాసా ఏమిటి? ఏదో నచ్చజెప్పి పంపి ఉంటావనుకుంటున్నాను. పోనీలే. వరండాలో కూర్చుని నా నవల విని ఏడ్చారంటే, వెంకోబారావు గారి ప్రెస్సులో నా సాయంత్రాలు దండగ పోలేదు.

ఒక సంగతి నీకు చెప్పాలి. హులిగమ్మ చనిపోయే ఆ పదహారు పేజీలు రాయడానికి నాకు ఏడాది పట్టింది. మిగతా నవలంతా ఎనిమిది నెలలే. యార్డులో పత్తి బేళ్లు లెక్క రాసుకుంటూ ఉంటే మిల్లు ఆడవాళ్ల మాటలు చెవిన పడేవి. వాటిని మరిచిపోకుండా ఉండటానికే ఈ పుస్తకం. ఆ పేజీలు బాగాలేవంటే పుస్తకమే లేదు.

నీ కొడుకు,
మున్వర్

తా.క. నువ్వు నిజంగా చదివావా నాయనా? ఏ అధ్యాయం నచ్చింది?

*

ఎమ్మిగనూరు,
2-8-1979

చిరంజీవి మున్వర్‌కు,

చదివానా అని అడిగావు. నా కళ్లజోడు కాడ విరిగింది. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు నాకు ఒక్కదానికి జవాబు చెప్పు.

పత్తికొండ ఆమె ఎవరు?

ఊరంతా ఇదే మాట. నీ పుస్తకంలో హులిగమ్మను పెళ్లాడతానన్న దేవేంద్రప్ప ఆమెతో పోట్లాడి పత్తికొండకు పోతాడంట కదా. పేజీ తిప్పితే చంకలో ఆడబిడ్డను ఎత్తుకుని మిల్లు గేటు దగ్గర నిలబడి ఉన్నాడంట! యూసుఫ్ సాబ్ టీ కాచడం మానేసి వాదిస్తున్నాడు.

“పోయేటప్పుడు ఒక్కడే పోయినాడన్నా! వచ్చేటప్పుడు బిడ్డ యాడిది? ఆడ ఇంకో సంసారం పెట్టినాడు, సందేహమే లేదు. పాపం హులిగమ్మకు ఈ సంగతి తెలుసునా?”

దేవేంద్రప్ప మొఖం మీద ఊస్తానని అక్బర్‌బీ అంటోంది. టీచరమ్మ పిల్లల ముందర ఆ పేజీ చదవనని చెప్పేసింది.

ఊరు ఏమన్నా పరవాలేదు. ఇంట్లో మీ అమ్మతోనే కష్టంగా ఉంది. “కతలు యాడనుంచి వస్తాయి? వానికి జరిగిందే రాసుకున్నాడు. పెండ్లి సంబంధాలు సూస్తామంటే రెండేండ్ల నుంచి ఎందుకు వద్దంటాండాడు? పత్తికొండలో నా మనమరాలు ఉంది!” అని మూడు రోజులుగా ఏడుపు. యూసుఫ్ సాబ్ టమోటాలకు పత్తికొండ మార్కెట్టుకు పోతుంటే విచారించి రమ్మని పంపింది. ఆయన వచ్చి ఏం చెప్పాడో తెలుసా? అక్కడ మున్వర్ పేరుతో ముగ్గురున్నారట, ముగ్గురికీ ఆడపిల్లలేనట. ఏడుపు ఇంకా ఎక్కువయింది.

నేను కోపం చేయను మున్వరూ. జరిగింది జరిగింది. కోడలిని, బిడ్డను తీసుకునిరా. మన వాళ్లు కాకపోయినా నేను ఒప్పిస్తాను.

నీ మీద ప్రేమ తగ్గని,
నాయన

తా.క. బిడ్డకు చిన్న పరుపు కుడుతున్నాను. ఏ రంగు గుడ్డ వేయమంటావు?

*

ఆదోని,
6-8-1979

నాయనకు, అమ్మకు సలాములు.

అమ్మను ఏడవొద్దని చెప్పు. పత్తికొండలో నాకెవరూ లేరు. దేవేంద్రప్పకూ ఎవరూ లేరు! అతను పత్తికొండ నుంచి తిరిగి వస్తాడు, హులిగమ్మను పెళ్లి చేసుకుంటాడు, ఏడాదికి ఆమె మిల్లులోనే బిడ్డను కని చనిపోతుంది. ఆ బిడ్డే చంకలో బిడ్డ. అంతా పుస్తకంలో ఉంది.

ఉండాలి కదా అని ఆలోచిస్తే అప్పుడు తట్టింది. పుస్తకం అచ్చేసేటప్పుడు పదహారు పేజీలు ఒకే కాగితం మీద వేసి మడుస్తారు. దాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పెట్టి కుడితే పుస్తకం. నీకు పంపిన పుస్తకాల్లో తొమ్మిదో ఫారం కుట్టడం మరిచిపోయారన్నమాట! పెళ్లీ, కాన్పూ, చావూ అన్నీ అందులోనే ఉన్నాయి.

నేరుగా వెంకోబారావు గారి ప్రెస్సుకు పోయి నిలదీశాను. ఆయన మడి కట్టుకున్నట్టు పని చేసే మనిషి. కుర్చీలోంచి లేచాడు.

“ముప్పై ఏండ్లలో నా ప్రెస్సులో పంచాంగం కూడా తిథి తప్పలేదు. ఫారం మరిసినామంటావా? యాడప్పా పుస్తకం? సూపించు!”

“ఊర్లో అందరూ సెప్తాండారు సార్.”

“ఊరి మాట పట్టుకోని నా పని మీద మచ్చ ఏస్తావా? మిగిలిన ఫారాలు ఎవరితో కుట్టించుకుంటావో కుట్టించుకో, పో!”

ఇప్పుడు కుట్టని ఫారాలు కూడా నా గదిలోకి వచ్చేశాయి. నేను వరండాలో పడుకుంటున్నాను. నువ్వు అక్కడ అమ్మిన పుస్తకాలు నాలుగు వెనక్కి తీసుకుని వెంటనే బస్సులో పంపు. ఆయనకు చూపించాలి. అదృష్టం బాగుండి విఠల్‌రావు గారికి ఇంకా ప్రతి పోలేదు.

నీ కొడుకు,
మున్వర్

తా.క. చిన్న పరుపు కుట్టడం ఆపు.

*

ఎమ్మిగనూరు,
9-8-1979

చిరంజీవి మున్వర్‌కు, తల వంచుకుని మీ నాయన రాసేది,

ఆ పెద్దమనిషి వెంకోబారావు గారిని ఏమీ అనవద్దు. ఆయన సక్రమంగానే కుట్టాడు. విప్పింది నేను.

ఆడవాళ్లు రెండు రోజుల గడువు ఇచ్చారని రాశాను కదా. ఆ రెండు రోజులు ఆలోచించాను. పరుపులో గడ్డ ఉంటే ఏం చేస్తాం? కుట్టు విప్పుతాం, గడ్డ తీసేస్తాం, మళ్లీ కుడతాం. హులిగమ్మ చనిపోయేది ఎక్కడో టీచరమ్మను అడిగి పేజీకి గుర్తు పెట్టించుకున్నాను. దబ్బనంతో దారం తెంపితే ఆ పేజీ ఒక్కటే రాలేదు, పదహారు పేజీలు కట్టగా ఊడివచ్చాయి. మేలే అయింది, గడ్డ పెద్దదే అనుకున్నాను. దాంట్లో పెళ్లి ఉందని నాకేం తెలుసు? తిరిగి తెచ్చినవాళ్లందరికీ అట్లాగే చేసి ఇచ్చాను. అమ్మకుండా మిగిలినవాటిని కూడా ముందుజాగ్రత్తగా విప్పేశాను. “నూట ఇరవై ఎనిమిది తర్వాత నూట నలభై ఐదు ఉందేమి?” అని టీచరమ్మ అడిగింది. “ఏకినప్పుడు తరుగు పోతాదమ్మా” అన్నాను.

అన్నీ చెప్పేస్తున్నాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. కోప్పడకు. వారం కిందట ఒక పెద్దాయన తలగడ కుట్టించుకోవడానికి వచ్చాడు. పక్క వీధి రుక్మాబాయి తండ్రి, కర్నూలు నుంచి కూతురింటికి వచ్చాడు. పేరు అడిగితే విఠల్‌రావు అన్నాడు! నా సంతోషం ఎట్లా చెప్పేది? అల్లా నా దుకాణం ముందరికే పంపాడనుకున్నాను. పోస్టు ఖర్చు కూడా మిగిలింది కదా అని ఒక పుస్తకం చేతికిచ్చాను. మామూలుది కాదు. విప్పి, సరిచేసి, కొత్త ఎర్ర దారంతో నాలుగు కుట్లు ఎక్కువ వేసింది.

నీ క్షమాపణ కోరే,
గఫూర్ సాబ్

తా.క. తలగడకు డబ్బులు వద్దన్నాను. ఆయన పుస్తకానికీ తలగడకూ రెండింటికీ బలవంతంగా ఇచ్చిపోయాడు. తలగడ మటుకు చాలా బాగుందన్నాడు.

*

ఆదోని,
11-8-1979

నాయనకు,

నాకున్న ఒక్క వాకిలి విఠల్‌రావు గారు. ఆయన చేతిలో నువ్వు పెట్టింది నా నవల కాదు. పెళ్లి లేకుండా, చావు లేకుండా, బిడ్డ ఎక్కడిదో తెలియకుండా ఉన్న ఒక పిచ్చి కాగితాల కట్ట. దాని మీద నా పేరు ఉంది. దాని కింద ‘పాత పరుపులు తిరిగి ఏకబడును’ అని ఉంది.

తీసేసిన పేజీలు పారేయకుండా ఉంచు. ఆదివారం వచ్చి అన్నీ తెచ్చుకుంటాను. ఇంక నా పుస్తకాలు నువ్వు అమ్మవద్దు.

ఊరంతా చదివింది. నువ్వు మాత్రం ఒక్క పేజీ చదవలేదు. అది నాకు తెలుసు.

మున్వర్

తా.క. ఏమీ లేదు.

*

ఎమ్మిగనూరు,
14-8-1979

నా కొడుకు మున్వర్‌కు,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించలేదు. నేను ఒక్కడినే మూడుసార్లు చదువుకున్నాను. నువ్వన్నది నిజం. నేను చదవలేదు. నా చదువు మూడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పోతే పేజీకి పూట పడుతుంది. చదవలేకపోతానేమో, చదివినా నా కొడుకు రాసింది నాకు అర్థం కాకపోతుందేమో అని భయం. కళ్లజోడు కాడ విరగలేదు.

ఊడదీసిన ఫారాలు పరుపు గలీబులో పెట్టి ఉంచాను. ఒకటి తీసుకుని నిన్న పొద్దున కూర్చున్నాను. దుకాణం తెరవలేదు. వేలు పెట్టుకుని చదివాను. పెళ్లి దగ్గర నవ్వాను. తర్వాత హులిగమ్మకు మిల్లులో నొప్పులు రావడం, గేటు తెరవకపోవడం, తోటి ఆడవాళ్లు ఆమెను విడి పత్తి మీద పడుకోబెట్టడం వచ్చింది. అక్కడ ఆ పిల్ల అంటుంది చూడు, “పత్తికి మరక అవుతాదేమో, పక్కకు జరపండక్కా” అని. అంతే. ఆ మాటతోనే పోతుంది.

మున్వరూ, నలభై ఏళ్లు నేను దూదిని చేత్తో పట్టుకున్నాను. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఒక్కరోజు అడగలేదు. తెల్లగా ఉందా, మెత్తగా ఉందా అని చూశాను, అంతే. ఇరవై ఏడేళ్ల నా కొడుకుకు తెలిసింది నాకు తెలియలేదు. నేను దాన్ని గడ్డ అనుకుని తీసేశాను.

మధ్యాహ్నం మీ అమ్మకు చదివి వినిపించాను. ఆ మాట దగ్గర కొంగు నోట్లో పెట్టుకుంది. కొంగు తీసి, “దీంట్లో నేనుండాను, వాడు లేదంటే నమ్మొద్దు. వాడు పుట్టేటప్పుడు నేను కూడా ఇట్లే, మరక అవుతాదని బండల మీద పరిసిన సాప ఎత్తిపెట్టమన్నా, అని నేనే కదా వానికి సెప్పింది” అంది.

ఈ రోజు దబ్బనం తీసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను. పేజీలు తిరిగి కుట్టి ఇస్తున్నాను. యూసుఫ్ సాబ్ ఇంట్లో కుడుతుంటే, “సరిసేసింది మళ్లీ సెడగొడతావేమన్నా?” అన్నాడు. “ముందు సెడగొట్టినా, ఇప్పుడు సరిసేస్తాండా” అన్నాను. అక్బర్‌బీ మొదట ఇవ్వనంది. పెళ్లి కూడా ఇందులోనే ఉందని చెబితే, “అట్లయితే దేవేంద్రప్ప మంచోడే!” అని ఇచ్చింది. వెంకోబారావు గారికి నేనే వచ్చి చేతులు జోడిస్తాను.

దుకాణంలో బోర్డు రాసి పెట్టాను: ‘పరుపులకు గ్యారంటీ ఉంది. పుస్తకానికి లేదు.’

నువ్వు తిట్టినా నీ మీద గర్వపడే,
నాయన

తా.క. బోర్డు పెట్టినాక మిగిలినవి కూడా అమ్ముడుపోయాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు.

*

ఆదోని,
18-8-1979

ప్రియమైన నాయనకు, కోటి సలాములు!

ఆదివారం కోపంతోనే రాలేదు. నిన్న కర్నూలు నుంచి విఠల్‌రావు గారి ఉత్తరం వచ్చింది. నాయనా, నా పుస్తకాన్ని ఎంచుకున్నారు! ఆయన రాసింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, చూడు:

‘తెలుగు నవలలో ఇంత సాహసం నేను చూడలేదు. నాయకుడు పత్తికొండకు వెళ్లడం, ఆపై బిడ్డతో నిలబడటం, నడుమ అంతా మౌనం! చెప్పకుండా చెప్పడమంటే ఇదే. పేజీ సంఖ్యలను సైతం దాటించి ఆ శూన్యాన్ని పాఠకుడి అనుభవంలోకి తేవడం అపూర్వం. శ్రమజీవి బతుకు మెత్తని పరుపులా తిరిగి ఏకబడవలసిందేనని ముఖపత్రం మీద వేసిన ముద్ర చురుకైన వ్యంగ్యం. దీనిపై ఒక వ్యాసం రాస్తున్నాను.’

నేను నీ మీద విసుక్కున్నాను, మన్నించు. ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో నిజం ఉందేమో అనిపిస్తోంది. ఆ పేజీలు లేకపోతేనే ఎక్కువ పేరు వస్తుందేమో. సంఘం వాళ్లకు ఈ నెలాఖరులోగా పుస్తకాలు పంపాలి. నువ్వు నీ దబ్బనం, ఎర్ర దారం తీసుకుని వెంటనే ఆదోనికి రా. ఇక్కడున్న వాటన్నిటిలోంచీ తొమ్మిదో ఫారం తీసేద్దాం.

నీ కొడుకు,
మున్వర్

తా.క. ఆ రబ్బరు ముద్ర కూడా తెచ్చుకో.

*

ఎమ్మిగనూరు,
22-8-1979

పేరు మోసిన రచయిత మున్వర్‌కు, పరుపులు కుట్టే మీ నాయన రాసేది,

ఎంచుకున్నారని చదవగానే దుకాణంలోంచి వీధిలోకి పరుగెత్తాను. చెప్పుల్లేవు. యూసుఫ్ సాబ్ అందరికీ టీ పోశాడు. మీ అమ్మ అల్లాకు కృతజ్ఞతగా షుకురానా నమాజు చదివింది. ఆ సంతోషమంతా అయ్యాక మిగిలిన సగం ఉత్తరం చదివాను.

తీయను.

నువ్వు అడిగినవి ఇంతవరకు ఏవీ లేదనలేదు. ఇది మాత్రం చేయను. ఏడాది రాశానన్నావు. ఆ పేజీలు లేకపోతే పుస్తకమే లేదన్నావు. అప్పుడు నాకు బుద్ధి లేదు. ఇప్పుడు నీకు పోయింది.

నిన్న నేను కర్నూలుకు పోయాను. విఠల్‌రావు గారి ఇల్లు వెతుక్కుని తలుపు కొట్టాను. తండ్రిని దిగబెట్టడానికి పోయిన రుక్మాబాయి కూడా అక్కడే ఉంది. “సామీ, మీకిచ్చిన పుస్తకంలో పదహారు పేజీలు నేను తీసేసినాను. ఇవిగో. కుట్టి ఇచ్చి పోతాను” అన్నాను. ఆయన ముఖం చూడాలి నువ్వు!

“తీసేసింది నువ్వా?”

“నేనే సామీ. నా కొడుక్కు తెలీదు.”

“నేను వ్యాసం రాసేసినానే! పన్నెండు పేజీలు! పత్రికకు పంపించేదే మిగిలింది!”

“మీ వ్యాసం పోతే ఇంకోటి రాసుకుంటారు సామీ. ఆ పిల్ల ఎట్ల పోయిందో అది పోతే మళ్లీ ఎవరు రాస్తారు?”

ఈలోగా రుక్మాబాయి నా చేతిలోంచి ఫారం తీసుకుని గుమ్మంలోనే నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఆయన ఒకసారి దగ్గాడు, రెండుసార్లు దగ్గాడు, ఆమె తల ఎత్తలేదు. చివరికి పేజీలు తండ్రి ఒళ్లో పెట్టి, “ఇది లేని పుస్తకాన్నేనా మీరు అన్ని దినాలు మెచ్చుకున్నారు?” అంది. లోపలికి పోయింది. ఆయన చదివాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, పుస్తకం నా ముందర పెట్టాడు.

“కుట్టప్పా” అన్నాడు. “సంఘానికి నేనే సెప్పుకుంటాను. సిగ్గుపడేది నేను కదా.”

కుట్టాను. తెల్ల దారంతోనే, కనపడకుండా. పుస్తకాలు పంపమన్న మాట వెనక్కి తీసుకోలేదు.

రేపు తొలి బస్సుకు వస్తున్నాను. ముందు వెంకోబారావు గారి కాళ్లు పట్టుకుని, మిగిలిన ఫారాలు తొమ్మిదోదానితో సహా ఆయన చేతనే కుట్టిస్తాను. అవి కర్నూలు బస్సు ఎక్కే దాకా నీ గదిలోనే, ఆ పుస్తకాల మీదనే పడుకుంటాను. కాపలా ఎవరి నుంచి అంటావా? నీ నుంచే.

నిన్ను చూడటానికి తొందరపడుతున్న,
నాయన

తా.క. ఒక మాట దాచను. ఆ పదహారు పేజీలు తప్ప పుస్తకంలో ఇంకేమీ నేను చదవలేదు. ఈ రోజే మొదటి పేజీ పట్టాను. హులిగమ్మ ఇప్పుడే మిల్లు గేటు దగ్గరికి పని అడగడానికి వచ్చింది. చాలా తెలివైన పిల్లలాగా ఉంది. నేను వచ్చినప్పుడు నడుమ ఏం జరుగుతుందో ముందే చెప్పేయొద్దు.